ఎవరెస్ట్ బేస్ క్యాంప్: గైడ్ ఒక్కరే చాలరు

విదేశీ ట్రెక్కర్లకు గైడ్ తప్పనిసరి అని నేపాల్ 2023 ఏప్రిల్ 1 నుంచి నిబంధన పెట్టింది. ఎవరెస్ట్ ఉన్న ఖుంబూలో స్థానిక పాలక సంస్థ మాత్రం దాన్ని అమలు చేయబోమంది. అయితే ఈ బాటలో అసలు ముప్పు దారి తప్పడం కాదు, తొందర.

లుక్లా ఎత్తు సుమారు 2,850 మీటర్లు, బేస్ క్యాంప్ 5,364 మీటర్లు. 3,000 మీటర్లు దాటాక రాత్రి బస ఎత్తును రోజుకు 500 మీటర్లకు మించి పెంచకూడదన్నది వైద్యుల సూచన. నామ్చే, డింగ్‌బోచేలలో అదనంగా ఒక్కో రోజు ఆగేది అందుకే. సెలవులు చాలవనో, ఖర్చు తగ్గుతుందనో ఆ రోజులకే కోత వేస్తే ప్రమాదం కొనితెచ్చుకున్నట్టే. మెదడులోనో ఊపిరితిత్తుల్లోనో నీరు చేరితే వెంటనే కిందికి దిగడమే ప్రధాన చికిత్స. హెలికాప్టర్ రావాలంటే వాతావరణం అనుకూలించాలి. గైడ్ 'ఇక వెనక్కి' అంటే ఆగే వ్యవధి ప్రణాళికలోనే లేనప్పుడు ఏ నిబంధనా కాపాడలేదు.