శస్త్రశాలలోని మడి

మన యిండ్లలో మడికి గల గౌరవమును చదువరులకు నేను చెప్పవలసిన పని లేదు. దండెముపై నారవేసిన చీరను కర్రతో దీసి కట్టుకొని, ఎవ్వరును తాకకుండ వంట ముగించిన అమ్మమ్మను చూడనివారు మనలో నరుదు. ఆ మడి యే రోగమునైన నాపెనా యని యడిగినచో పెద్దలకు కోపము వచ్చును. కాని రోగమును నిక్కముగా నాపు మడి యొకటి కలదు. దానిని పాటించువారిని మనము గౌరవింపకపోగా, వారి పనిని "నెత్తురు పని" యని యీసడించుచున్నాము. ఈ తలక్రిందుల న్యాయమును గూర్చియే నాలుగు మాటలు వ్రాయబూనితిని.

ముందుగా నా తప్పు నొప్పుకొందును. నేను బడిపంతులను. కొన్నియేండ్ల క్రిందట నాయొద్ద చదివిన యొక బాలిక ఇంటరు ముగించి, ఆపరేషను థియేటరు టెక్నీషియను చదువునకు పోవలెనని తలచి, తండ్రిని వెంటబెట్టుకొని నా సలహాకై వచ్చినది. నేను ముక్కు చిట్లించితిని. "డాక్టరు చదువు దొరికితే సరే. లేకపోతే డిగ్రీ చేసి నాలాగ టీచరువు కా. కత్తులు కడిగే చదువెందుకమ్మా? రేపు సంబంధాలు చూసేటప్పుడు మీ నాన్నగారు ఏమని చెప్పుకుంటారు?" అంటిని. తండ్రి సంతోషించెను. బాలిక తల వంచుకొని పోయినది. సంస్కృత కావ్యములును ఇంగ్లీషు నాటకములును చదివిన నాకు ఆనాడు తోచిన వివేకమంతయు నింతే.

గత సంవత్సరము నాకు హెర్నియాకు శస్త్రచికిత్స జరిగినది. వెన్నులో మత్తుసూది వేసిరి గావున నడుము క్రింది శరీరము నాది కాకపోయినను, చెవులు మాత్రము నావిగానే యుండెను. ఎదుట పచ్చని గుడ్డ యడ్డు కట్టిరి. పని ముగియవచ్చినపుడు డాక్టరుగారు "కౌంట్ సరిపోయిందా?" అని యడిగిరి. "ఒక గాజుగుడ్డ తక్కువుంది సార్, ఆగండి" అని యొక యాడుగొంతు పలికినది. అనుభవశాలియైన శస్త్రవైద్యుని చేయి ఆ మాటతో నిలిచిపోయెను. మరల లెక్కించిరి, బకెట్టులో వెదకిరి. తుదకు రెండు గుడ్డలు నెత్తురుతో నంటుకొని యొక్కటిగా నున్నవని తేలినది. "ఇప్పుడు సరిపోయింది సార్" అని యామె పలికిన తరువాతనే నా గాయము మూయబడినది. ఆ గొంతు నా శిష్యురాలిది కాదు. ఎవరి బిడ్డయో నేనెరుగను. ఆ బిడ్డకు నావంటి గురువు దొరకకపోవుట నా యదృష్టము.

కోలుకొనిన పిమ్మట ఆ గదిలోని పనిని గూర్చి యడిగి తెలిసికొంటిని. డాక్టరు రాకముందే టెక్నీషియను వచ్చును. మత్తు నిచ్చు యంత్రమును, ఆక్సిజనును, నెత్తురు పీల్చు సక్షను యంత్రమును, దీపములను పరీక్షించును. పనిముట్లను కడిగి, మూటగట్టి, ఆటోక్లేవులో పెట్టును. మరుగునీటికిని చావని సూక్ష్మబీజములు, చదరపు అంగుళమునకు 15 పౌనుల యొత్తిడితో 121 డిగ్రీల వేడిగల యావిరిలో చచ్చును. మూటపై నంటించిన పట్టీ రంగు మారినదా లేదా యని చూడక యే మూటను విప్పరు. పిదప ఆ టెక్నీషియను మోచేతులవరకు చేతులు రుద్ది కడిగికొని, నీరు వ్రేళ్లవైపునకు జారకుండ చేతులు పైకెత్తి పట్టుకొని, శుద్ధమైన గౌనును తొడుగులను ధరించి, బల్లపై పనిముట్లను వరుసగా పేర్చును. డాక్టరు కన్ను గాయముపైనే యుండును. చాచిన చేతిలో కావలసిన పనిముట్టు, కావలసిన వైపున, అడుగకముందే పడవలెను. శస్త్రము మొదలిడుటకు ముందును, లోపొరలు మూయుటకు ముందును, చర్మము కుట్టుటకు ముందును సూదులు, గుడ్డలు, పనిముట్లు లెక్కింపవలెను. ఈ లెక్క కొన్నియెడల నర్సులది, కొన్నియెడల టెక్నీషియన్లది. లెక్క తప్పినచో రోగి పొట్టలో గుడ్డ మిగిలిపోవును.

ఇదిగదా మడి! చేతులు కడిగికొనిన పిమ్మట మోచేయి తలుపునకు తగిలినచో ఆ మనిషి మరల మొదటినుండి కడిగికొని రావలసినదే. "ఎవరును చూడలేదులే" యనుట అక్కడ చెల్లదు. మనయింటి మడికిని దీనికిని గల భేదము రెండు మాటలలో చెప్పవచ్చును. మనయింటి మడి పుట్టుక నడుగును. ఆ మడి కడిగికొన్న చేతుల నడుగును. మనయింటి మడి తన్ను తాను కాపాడుకొనును. ఆ మడి యెదుటివాని ప్రాణమును కాపాడును. ఏ కులమువాడైనను కడిగికొనినచో శుద్ధుడు. ఎంతటి శ్రోత్రియుడైనను కడిగికొననిచో అంటరానివాడే.

"అందించుటేగదా, అదియు నొక విద్యయా?" యని కొందరందురు. వీరు సుశ్రుతుని పేరు చెప్పి సభలలో మీసము మెలివేయుటలో మాత్రము వెనుదీయరు. ఆ సుశ్రుతుడే నూటయొక్క యంత్రములను, ఇరువది శస్త్రములను వర్ణించి, శస్త్రములకు పదును పెట్టు విధము చెప్పెను. శస్త్రకర్మకు ముందు సిద్ధపరచుకొనవలసిన వస్తువులను పేర్కొనుచు, వానితోపాటు స్నేహము, స్థైర్యము, బలము గల పరిచారకులును ఉండవలెననెను. ఆయుర్వేదము చికిత్సకు నాలుగు పాదములనుచు వైద్యునితోడను, ఔషధముతోడను, రోగితోడను సమముగ పరిచారకుని లెక్కించినది. పూర్వుల గొప్పను పొగడుచు, పూర్వులు గౌరవించిన మనిషిని మనము తిరస్కరించుచున్నాము. ఇంతకంటె విపరీత మున్నదా?

పాశ్చాత్యచరిత్ర మడిగినను ఇదే సాక్ష్యము దొరకును. రబ్బరు చేతితొడుగులు శస్త్రశాలలోనికి వచ్చినది మొదట శస్త్రవైద్యునికై కాదు. 1889-90 ప్రాంతమున, అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్ వైద్యశాలలో కరొలిన్ హాంప్టన్ అను నర్సు హాల్స్టెడ్ అను శస్త్రవైద్యునికి తోడ్పడుచుండెను. క్రిమిసంహారకద్రవము వలన ఆమె చేతులు పుండ్లు పడగా, ఆయన గుడియర్ కంపెనీచే ఆమెకై పలుచని తొడుగులు చేయించెను. నేడు లోకమునందలి శస్త్రవైద్యులందరును ధరించు తొడుగు తోడ్పడు చేతికై పుట్టినది.

"రాత్రి డ్యూటీలు, పురుషులతో పని, ఆడపిల్లకు తగదు" అని మరికొందరందురు. మీ కోడలికి నడిరేయి నొప్పులు వచ్చి సిజేరియను చేయవలసినపుడు, ఆ వేళ అక్కడ నిలుచున్న యాడుబిడ్డ యెవరింటిదని యడిగి వెనుకకు మరలుదురా? అప్పుడు దేవతవలె కనబడిన బిడ్డ, మరునాడు సంబంధము చూచునపుడు మాత్రము తగనిదగునా?

మన యీసడింపు ఊరక పోదు. దానికి ఫలము మనమే యనుభవించుచున్నాము. గౌరవములేని పనికి తెలివిగల పిల్లలు పోరు. గౌరవములేని పనికి యజమాని జీతము పెంచడు. చదువుకొన్నవాని నుంచుటకు మారుగా, చవుకగా దొరకిన పిల్లవానిని తెచ్చి "చూచి నేర్చుకొమ్ము" అనువారు లేకపోలేదు. చూచి నేర్చుకొనుట యెవరిమీద? మీమీదను, నామీదను! సుశ్రుతుడు తన శిష్యులను గుమ్మడి, సొర మొదలగు కాయలపై కోయుట నభ్యసింపుమనెను గాని, రోగులపై కాదు.

అదృష్టవశమున చట్టము మనకంటె ముందున్నది. 2021లో పార్లమెంటు అనుబంధ వైద్యవృత్తులకు జాతీయ కమిషను నేర్పరచు చట్టము చేసి, ఆపరేషను థియేటరు టెక్నాలజిస్టులను గూడ అందు చేర్చినది. చదువునకు ప్రమాణము, వృత్తిలోనివారి పేర్ల నమోదు, రాష్ట్రమునకొక కౌన్సిలు — ఇవి యా చట్టము కోరినవి. కాని అడుగువారు లేని చట్టము అటకపైని గ్రంథము వంటిది.

కావున గృహస్థులారా! ఆసుపత్రికి పోయినపుడు గది అద్దెయెంతయని యడిగినట్లే, డాక్టరు ప్రక్కన నిలుచువారు చదివినవారా యనియు నడుగుడు. ప్రపంచ ఆరోగ్యసంస్థ 2008లో శస్త్రచికిత్సకు పరిశీలనాపట్టిక నొకదానిని వెలువరించినది; పనిముట్ల లెక్కను బయటికి చదువుట అందొక విధి. ఢిల్లీతో గూడ ఎనిమిది నగరములలోని ఎనిమిది వైద్యశాలలలో దానిని పాటించి చూడగా, మరణములు నూటికి 1.5 నుండి 0.8కి తగ్గినవని 2009లో ప్రకటించిరి. మీ వైద్యశాలలో దానిని పాటించుచున్నారా యని యడుగుటకు మీకు సిగ్గేల?

నా శిష్యురాలు నా మాట విని డిగ్రీ ముగించి యింటనున్నది. ఆమెకు నేను చేసిన నష్టమును ఈ వ్యాసము తీర్చజాలదు. కాని మీ యింటి బిడ్డ యే దినముననైన ఆ చదువును కోరి మీ యెదుట నిలిచినచో, నావలె ముక్కు చిట్లింపకుడు. "ఆగండి, లెక్క సరిపోలేదు" అని పెద్దల యెదుట చెప్పగల గొంతు ప్రతి గృహమున పుట్టదు. పుట్టినచోట దానిని నులిమివేయకుడు.