గృహవిజ్ఞానము: పగడపు తొట్టికి వెలుతురు కొలత

టెక్సాసునుండి ఒక సోదరి యీ నెల మాకిట్లు వ్రాసినది: "ఇంట గాజుతొట్టిలో ఉప్పునీరు నింపి చిన్న పగడపుజీవులను పెంచుచున్నాము. అవి యనిన నా కుమార్తెకు ప్రాణము. దీపము క్రిందనే, రాతికొనపై నుంచిన పగడ మొకటి మూడు వారములలో తెల్లబడినది. 'అమ్మా, దీనిని మనమే చంపితిమా?' యని పిల్ల యడుగుచున్నది. ఏమి చెప్పవలెను?"

సోదరీ, చచ్చినదని తొందరపడి చెప్పకుడు. తెల్లబడుట వేరు, చచ్చుట వేరు. తెల్లని యస్థిపై పలుచని పొర యింకను నిలిచియున్నచో ప్రాణమున్నదనియే యెరుగవలెను.

మనము మెడలో ధరించు నెఱ్ఱపగడము మధ్యధరాసముద్రమున వెలుతురు తక్కువైన తావులలో పెరుగు జీవి యొక్క యస్థి. దానికి ఎండతో పనిలేదు. దిబ్బలు కట్టు పగడములు వేరు. వీని శరీరములో కంటికి కానరాని నాచు కాపురముండును. ఆ నాచు వెలుతురుతో ఆహారము వండుకొని, అందు పెద్దపాలు తనకు చోటిచ్చిన పగడమునకు పెట్టును. వెలుతురు చాలనిచో వంట సాగదు. మితిమీరినచో హానికర పదార్థములు పుట్టును. అప్పుడు పగడము తన నాచును తానే వెడలగొట్టుకొనును. రంగులో హెచ్చుపాలు నాచుదే గావున అది పోగానే లోని తెలుపు బయటపడును. నీటి వేడి హెచ్చినను ఇట్లే జరుగును. కనుక మొదట ఉష్ణమాపకమును చూడుడు. 25, 26 డిగ్రీల సెంటీగ్రేడు తగిన వేడిమి.

"దీపము నా కంటికి మసకగానే యున్నది గదా" యని వ్రాసితిరి. పొరపాటు ఇచ్చటనే కలదు. మన కన్ను ఆకుపచ్చ వెలుతురును మిక్కిలి బాగుగ గ్రహించును. 555 నానోమీటర్ల ఆకుపచ్చను చూచు శక్తిలో, 450 నానోమీటర్ల నీలమును చూచు శక్తి యిరువదవ వంతైనను లేదు. పగడపు తొట్ల దీపములలో నీలమే హెచ్చు. నాచునకు నీలము మంచి యాహారము. మనకు మసకగా దోచునది దానికి తీవ్రమైన వెలుతురు కావచ్చును. లక్సు మాపకమును, ఫోనులోని మాపకమును మనుష్యుని కంటి ననుసరించి చేసినవే. ఒకే దీపమును నేటికిని వచ్చే నెలకును పోల్చుకొనుటకు అవి యుపకరించును గాని, పగడమునకు దక్కునదెంతో నమ్మకముగా చెప్పజాలవు.

వలసినది పార్ మాపకము. 400 మొదలు 700 నానోమీటర్ల వరకు గల కాంతికణములు చదరపు మీటరుపై సెకనుకు ఎన్ని పడుచున్నవో అది మైక్రోమోలులలో చూపును. నిర్మలమైన మిట్టమధ్యాహ్నపు టెండ సుమారు 2000 ఉండును. నీట ముంచదగినదియు, ఎల్ఇడి దీపములకు సరిపడునదియు చూచుకొనవలెను. పాతరకములు కొన్ని నీలమును తక్కువగా చూపును. ఇది వెల హెచ్చైన వస్తువు, కొననక్కరలేదు. మీ దేశమున తొట్లు పెంచువారి సంఘములు కొన్ని సభ్యులకు ఎరువిచ్చును, దుకాణములు కొన్ని అద్దెకిచ్చును.

కొలుచు విధ మిది. గాజును తుడిచి, దీపమును దినములో నెప్పుడు హెచ్చుగా వెలుగునో యా స్థితిలో నుంచుడు. ముగ్గు చుక్కలవలె కాగితముపై మూడేసి చుక్కలు మూడు వరుసలు పెట్టుడు. అది తొట్టి పటము. అడుగున, నడుమ, పైన ఒక్కొక్క చుక్కకు మూడు కొలతలు, వెరసి 27. మాపకపు ముఖము నిట్టనిలువుగా పైకి చూడవలెను. మీ చేతి నీడ పడరాదు. అలలచే అంకె ఊగుచుండును గాన కొంచెము సేపాగి సగటు వ్రాసికొనుడు. నీట మునిగిన మాపకము కొంత తక్కువ చూపును. ఆ సవరణ తానే చేసికొనునో, మీరు చేయవలెనో దానితో వచ్చు పత్రమును చదివి తెలిసికొనుడు.

పెంపకపువారి యనుభవమున మెత్తని పగడములకు 50 మొదలు 150 వరకును, పెద్దనోటి రాతిపగడములకు సుమారు 80 మొదలు 150 వరకును, చిన్ననోటి రాతిపగడములకు 200 మొదలు 350 వరకును చాలును. ఇవి శాసనములు కావు, దారిచూపు గుర్తులు. దీపమునకు చేరువైనకొలది అంకె పెరుగును. మీ రాతికొనకును అడుగునకును ఎంత భేదమున్నదో చూచి మీరే యాశ్చర్యపడుదురు. కాలమును లెక్కయే: 100 చొప్పున 10 గంటలును, 200 చొప్పున 5 గంటలును మొత్తమున సమానమే. దినమునకు 8 మొదలు 10 గంటల దీపము చాలును.

తెల్లబడినదానిని 50, 60 చూపు నీడచోటికి దించుడు. అటుపై దినమున కొకచోటికి మార్చకుడు. రంగు తిరిగి వచ్చుటకు వారములు, ఒక్కొకప్పుడు నెలలు పట్టును. క్రొత్త పగడము తెచ్చినపుడును దీపమును సగమునకు తగ్గించి, వారమువారము కొద్దికొద్దిగా హెచ్చింపుడు.

మన దేశమునందలి సోదరీమణుల కొకమాట: ఇచ్చట రాతిపగడపు జాతులన్నియు 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టముచే రక్షితములు. సముద్రమునుండి ఒక తునక విరిచి తెచ్చినను నేరమే.

ఇక పిల్లకు చెప్పవలసినది. "తెలియక వెలుతురు హెచ్చుగా పెట్టితిమి, తల్లీ. ఇప్పుడు కొలిచి సరిచేయుదము" అనుడు. బ్రతికి తీరునని మాట యీయకుడు, ప్రయత్నింతుమని యిండు. ముగ్గు పటమును దానిచేతనే వ్రాయింపుడు, అంకెలను దానిచేతనే చదివింపుడు. తన తప్పును కొలిచి దిద్దుకొనుట నేర్చిన పిల్లకు, ఆ పగడము దక్కినను దక్కకున్నను, మరొక ప్రాణిని సాకు నేర్పు దక్కును.