ఏం వింటున్నారని అడిగితే

సంగీతాభిమానులు ఇద్దరు కలుసుకుంటే కుశలప్రశ్నల వెంటనే వచ్చే మాట ఒకటే: ఈ మధ్య ఏం వింటున్నారు? ఎన్నికలు, సరిహద్దులు, పార్లమెంటు గురించి రాసే చోట ఈ ప్రశ్న ఎందుకని పాఠకులు అడగవచ్చు. ఈ ఉపఖండంలో దానికి జవాబు చెప్పడం ఏనాడూ కేవలం అభిరుచికి సంబంధించిన వ్యవహారంగా లేదు. ప్రజలు ఏం వినాలో తామే నిర్ణయించగలమని నమ్మిన పాలకులు సరిహద్దుకు రెండు వైపులా ఉన్నారు. శ్రోతలు ఆ నమ్మకాన్ని పదే పదే వమ్ము చేశారు. ఈసారి అది అంత సులభం కాకపోవచ్చునన్నది నా ఆందోళన.

2025 మే 8న కేంద్ర సమాచార, ప్రసార మంత్రిత్వ శాఖ ఒక అడ్వైజరీ జారీ చేసింది. పహల్గామ్‌లో ఉగ్రవాదులు 26 మందిని కాల్చి చంపి అప్పటికి పక్షం రోజులు దాటింది. ఆపరేషన్ సిందూర్ మొదలై ఒక్క రోజు. పాకిస్తాన్‌లో పుట్టిన వెబ్ సిరీస్‌లు, సినిమాలు, పాటలు, పాడ్‌కాస్టులు అన్నింటినీ తక్షణం నిలిపివేయాలని ఓటీటీలకు, స్ట్రీమింగ్ వేదికలకు, ఇతర మధ్యవర్తి సంస్థలకు ఆ పత్రం సూచించింది. కొద్ది రోజుల్లోనే శ్రోతల ప్లేలిస్టులకు చిల్లులు పడ్డాయి. యాప్‌లో ఇలా తొలగిన పాట పేరు బూడిదరంగుకు మారి, నొక్కినా పలకకుండా ఉండిపోతుంది. లేదా ఆ వరుసే మాయమవుతుంది. అంతటితో ఆగలేదు. ‘రయీస్’ మన సినిమా, ‘సనమ్ తేరీ కసమ్’ మన సినిమా. వాటి పాటల ఆల్బమ్ ముఖచిత్రాల మీద ఉన్న పాకిస్తానీ నటీమణుల బొమ్మలను సైతం కొన్ని వేదికలు చెరిపేశాయి. అడ్వైజరీలో ముఖచిత్రాల ఊసు లేదు. అడిగినదానికంటె ఎక్కువ చేసి చూపడం వ్యాపార సంస్థలకు కొత్తేమీ కాదు.

దీనికి పూర్వరంగం 1952లో ఉంది. ఆ ఏడాది సమాచార, ప్రసార శాఖ చేపట్టిన బి.వి. కేస్కర్ శాస్త్రీయ సంగీతంలో లోతైన పరిచయం ఉన్న మనిషి. సినిమా పాట శ్రోతల చెవిని పాడు చేస్తోందని ఆయన నిశ్చితాభిప్రాయం. ఆకాశవాణిలో సినిమా పాటల వాటాను కుదించారు, వడపోత పెట్టారు. ప్రసారం చేసే పాట ఏ సినిమాలోదో చెప్పడం ప్రకటన కిందికి వస్తుందని ఆ పేరు చెప్పడమూ మాన్పించారు. నిర్మాతలు ఆగ్రహించి ప్రసార హక్కులు వెనక్కు తీసుకున్నారు. కొన్ని నెలల్లో ఆకాశవాణిలో సినిమా పాట వినిపించడమే ఆగిపోయింది. (ఆ సంస్థకు నిషేధాలు అలవాటే. 1940 నుంచి మూడు దశాబ్దాల పాటు హార్మోనియానికి అక్కడ ప్రవేశం లేదు. ఆ వెలిని రవీంద్రనాథ్ ఠాగూర్ కూడా సమర్థించారు.)

కేస్కర్ విధానంలో మేలు లేదని నేననను. సినిమా పాట ఖాళీ చేసిన చోట లలిత సంగీతం బలపడింది. బాలాంత్రపు రజనీకాంతరావు వంటివారు అంతకుముందే మద్రాసు కేంద్రంలో మొదలుపెట్టిన కృషికి దాని వలన మరింత చోటు దొరికింది. ఆ గీతాలు మన ఇళ్లలో ఇప్పటికీ బతికే ఉన్నాయి. కాని శ్రోత మాత్రం మంత్రిగారు వినమన్నది వింటూ కూర్చోలేదు. రేడియో మీట తిప్పి కొలంబో పట్టుకున్నాడు. యుద్ధకాలంలో మిత్రసేనల అవసరాలకు నెలకొల్పిన శక్తిమంతమైన ట్రాన్స్‌మిటర్లు రేడియో సిలోన్ చేతిలో ఉన్నాయి. 1952 చివర అమీన్ సయానీ గొంతుతో బినాకా గీత్‌మాలా మొదలైంది. ఆ తరువాత ఉపఖండంలో సగం ఇళ్లకు బుధవారం రాత్రి పండుగ రాత్రి అయింది. మన తెలుగు ఇళ్లకూ కొలంబో నుంచి సినిమా పాటలు వచ్చేవి. మీనాక్షి పొన్నుదురై పేరు చెబితే ఒక తరం ముఖాలు ఇప్పటికీ వికసిస్తాయి.

ఆ కార్యక్రమాలకు ప్రాణం పోసినవి శ్రోతల ఉత్తరాలు. ఫలానా ఊరి నుంచి ఫలానా వారు ఈ పాట కోరుతున్నారని పేర్లు చదివేవారు. ఎక్కడో కోడెర్మా ప్రాంతంలో అభ్రకం గనుల పట్నం ఝుమ్రీ తలైయా దేశమంతటికీ తెలిసిపోయింది కేవలం ఉత్తరాల వలననే. నేను ఏం వింటున్నానో లోకానికి చెప్పాలన్న తహతహ యాప్‌లతో పుట్టినది కాదు. అప్పుడు దాని ఖరీదు ఒక కార్డు. సర్కారు కాదన్న పాటకు ఊరూ పేరూ రాసి మరీ ఓటు వేశారు మనవాళ్లు. ఫలితం 1957 అక్టోబరులో కనిపించింది. అదే కేస్కర్ మంత్రిగా ఉండగానే సినిమా పాటలకు పెద్దపీట వేస్తూ వివిధ భారతి మొదలైంది.

నాటి నిషేధానికి ఒక ముఖం ఉండేది. మంత్రి పేరు తెలుసు, వాదన తెలుసు, పత్రికలలో ఎదురుతిట్లు తెలుసు. మీట తిప్పే స్వేచ్ఛ శ్రోత చేతిలో ఉండేది. క్యాసెట్టు కొన్న తరువాత ఏ మంత్రిత్వ శాఖా దానిని అల్మారాలోంచి తీసుకుపోలేదు. ఈనాడు మనం పాటను కొనడం లేదు, అద్దెకు వింటున్నాం. అద్దె ఇంట్లో సామాను ఇంటివాడు రాత్రికి రాత్రి తీసేస్తే అడగడానికి కాగితం లేదు. ఏయే పాటలు పోయాయో జాబితాను ప్రభుత్వం ప్రజల ముందు ఉంచలేదు. గడువు చెప్పలేదు. శ్రోతలు ఒకరినొకరు ‘మీకు వస్తోందా, నాకు రావడం లేదు’ అని అడిగి తెలుసుకోవలసి వచ్చింది. ఈ నిషేధానికి మిగిలిన ప్రజా దస్తావేజు దాదాపు ఆ సంభాషణలే.

పాకిస్తాన్‌లో పుట్టిన పాట అంటే ఏది? పత్రంలోని ఈ ఒక్క మాటను కొంచెం తరచి చూడాలి. ఈ వారం నేను వింటున్నది రోషనారా బేగంను. ఆమె పుట్టినది కలకత్తాలో. గురువు కిరానా ఘరానా అబ్దుల్ కరీం ఖాన్. ఆయన మైసూరు ఆస్థానానికి వచ్చిపోతూ కర్ణాటక సంగీతాన్ని శ్రద్ధగా పరిశీలించి, ఖరహరప్రియలో త్యాగరాజ కృతిని పాడి రికార్డు ఇచ్చినవారు. శిష్యురాలు దేశ విభజన తరువాత లాలామూసా వెళ్లి స్థిరపడింది. ఆమె విభజనకు ముందు బొంబాయిలో పాడినది ఏ దేశపు పాట? లాలామూసా వెళ్లాక అదే గొంతు, అదే రాగం పాడితే పుట్టుక మారుతుందా? మెహదీ హసన్ రాజస్థాన్‌లోని లూణా గ్రామంలో పుట్టారు. ఇక్బాల్ బానో ఢిల్లీలో పుట్టారు. నుస్రత్ ఫతే అలీ ఖాన్ కుటుంబం జలంధర్ నుంచి వెళ్లినది. అటునుంచి ఇటు చూద్దాం. మహమ్మద్ రఫీ పాట నేర్చిన ఊరు లాహోర్. ఆయనే ‘భలే తమ్ముడు’లో ఎన్.టి. రామారావుకు తెలుగులో పాడారు. బడే గులాం అలీ ఖాన్ పుట్టినది కసూర్‌లో. విభజన తరువాత అక్కడ కొంతకాలం ఉండి, ఇమడలేక తిరిగి వచ్చి 1950ల చివర భారత పౌరసత్వం తీసుకున్నారు. 1968లో కన్నుమూసినది హైదరాబాదు బషీర్‌బాగ్ ప్యాలెస్‌లో. అక్కడి రోడ్డుకు ఆయన పేరే పెట్టారు. ఆ రోడ్డు మీద ట్రాఫిక్‌లో నిలబడి తిట్టుకునేవారిలో ఎందరికి ఈ సంగతి తెలుసో గాని, కసూర్ పాటకు మన నగరంలో సమాధి ఉంది. పుట్టుకను బట్టి పాటలను వేరు చేయబోతే ముందు ఘరానాలను చీల్చాలి, ఆ తరువాత గురువు నుంచి శిష్యుడిని.

కొత్త పాటల సంగతీ ఇంతే. 2022లో వచ్చిన ‘పసూరీ’ భారతదేశంలో ఎంతగా మోగిందో చెప్పనవసరం లేదు. ఒక భారతీయ సంస్థతో చేయవలసిన పని తాను పాకిస్తానీ కావడం వలన ఆగిపోవడమే ఆ పాటకు మూలమని అలీ సేఠి స్వయంగా చెప్పారు. కాదన్న తలుపు ముందు నిలబడి కట్టిన పాట అదే తలుపులోంచి లోపలికి వచ్చింది. మూడేళ్లకు మళ్లీ బయటికి నెట్టారు.

అవతలి వాదనను తేలికగా తీసివేయడానికి లేదు. పహల్గామ్‌లో భర్తలను, తండ్రులను పోగొట్టుకున్నవారి దుఃఖం ముందు పాటల ముచ్చట అల్పంగా కనిపిస్తుంది. శత్రుదేశపు కళాకారుడికి మన చందా డబ్బు చేరకూడదన్న కోపంలో అర్థం ఉంది. ఎవరైనా స్వచ్ఛందంగా ఆ పాటలు మానేస్తే అది వారి హక్కు, నేను గౌరవిస్తాను. డబ్బే సమస్య అయితే దానిని వాణిజ్య ఆంక్షగా ప్రకటించి రాయల్టీ చెల్లింపులు నిలిపివేయవచ్చు. గడువు పెట్టి సమీక్షించవచ్చు. 1982లో చనిపోయిన రోషనారా బేగం గొంతును ఆపితే ఏ ఉగ్రవాది చేయి ఆగుతుంది? పాకిస్తాన్ మనకంటె ఉదారంగా ఉందని భ్రమ పడనక్కరలేదు. 2025 మే 1న అక్కడి ప్రసార సంస్థల సంఘం ఎఫ్ఎం స్టేషన్లలో భారతీయ పాటలను నిలిపివేసింది. లాహోర్ ఎఫ్ఎంలో లత, రఫీ ఆగిపోయిన కొద్ది రోజులకే మన యాప్‌లలో వారి పాటకులు ఆగిపోయారు. ఈ ఒక్క విషయంలో ఇరుదేశాల నడుమ అద్భుతమైన ఏకాభిప్రాయం ఉంది.

ఇలాంటి ఏకాభిప్రాయానికి ఢాకా ఒకసారి సమాధానం ఇచ్చింది. పాకిస్తాన్ సాంస్కృతిక విలువలకు విరుద్ధమైన ఠాగూర్ పాటలు రేడియోలో ఉండబోవని 1967లో ఆ దేశ సమాచార మంత్రి ప్రకటించారు. తూర్పు బెంగాల్ ఆ పాటలనే ఆయుధం చేసుకుంది. అదే ఏడాది ఛాయానట్ సంస్థ రమ్నా మర్రిచెట్టు కింద బెంగాలీ సంవత్సరాదిని పాటలతో స్వాగతించే ఆనవాయితీ మొదలుపెట్టింది. నాలుగేళ్లకు పుట్టిన కొత్త దేశం 1905లో బెంగాల్ విభజనను నిరసిస్తూ ఠాగూర్ రాసిన పాటను జాతీయ గీతం చేసుకుంది. 2025 అక్టోబరులో అస్సాం శ్రీభూమిలో కాంగ్రెస్ సమావేశంలో ఒక స్థానిక నాయకుడు ఆ పాటనే పాడితే, ముఖ్యమంత్రి కేసు పెట్టమని పోలీసులను ఆదేశించారు. మన జాతీయ గీతం రాసిన కవి రాసిన పాట అది. ఒకనాడు పాకిస్తాన్ సర్కారుకు పరాయిదైన ఠాగూర్ ఇప్పుడు మన సర్కారుకు అనుమానాస్పదుడు.

ఇక్కడే అసలు భయం మొదలవుతుంది. పాటను ఆపడం ఒకటి. విన్నవాడిని పట్టుకోవడం మరొకటి. 2022 ఏప్రిల్‌లో ఉత్తరప్రదేశ్‌లోని బరేలీ జిల్లాలో పాకిస్తానీ పాట ఒకటి విన్నారని ఇద్దరు మైనరు పిల్లల మీద కేసు నమోదైంది. ఆ పాట గొప్పదని నేననడం లేదు. ఫోనులో పాట మోగితే పొరుగువాడు ఠాణాకు వెళ్లే స్థితి వచ్చాక ఏం వింటున్నారన్న ప్రశ్నకు స్నేహితుడి గొంతు ఉండదు, జమేదారు గొంతు వస్తుంది. అందరికీ ఒకే గొంతు వినిపించదు కూడా. ఆల్బమ్ ముఖచిత్రం పంచుకుంటే నాకు విమర్శ మాత్రమే వస్తుంది. మరో పేరున్న కుర్రాడికి సమన్లు రావచ్చు.

చట్టం శ్రోతను మరిచిపోలేదు. 1995లో బెంగాల్ క్రికెట్ అసోసియేషన్ కేసులో సుప్రీంకోర్టు గాలితరంగాలు ప్రజల ఆస్తి అన్నది. భావప్రకటన స్వేచ్ఛలో వినే, చూసే, సమాచారం అందుకునే హక్కు కూడా ఉందన్నది. ఆ ధర్మాసనంలో ఉండి విడిగా తీర్పు రాసిన జస్టిస్ బి.పి. జీవన్‌రెడ్డి మన రాష్ట్రం నుంచి వెళ్లినవారు. 2023 నవంబరులో పాకిస్తానీ కళాకారులకు ఇక్కడ పని ఇవ్వకుండా నిషేధించాలన్న పిటిషన్‌ను సుప్రీంకోర్టు తోసిపుచ్చింది. జస్టిస్ సంజీవ్ ఖన్నా, జస్టిస్ ఎస్.వి.ఎన్. భట్టి ధర్మాసనం అంత సంకుచితంగా ఆలోచించవద్దని పిటిషనరుకు హితవు కూడా చెప్పింది. దేశ భద్రత కోసం ఆంక్షలు పెట్టే అధికారం రాజ్యాంగం 19(2) అధికరణలో ప్రభుత్వానికి ఇచ్చింది, నిజమే. కాని ఆ ఆంక్ష చట్టం ద్వారా రావాలి, సహేతుకంగా ఉండాలి. 2021 ఐటీ నిబంధనలను ఎంత ఉటంకించినా, పేరుకు సలహాగా ఉండి ఫలితంలో ఆజ్ఞగా మారే పత్రం ఈ పరీక్షకు దొరకకుండా తప్పించుకుంటుంది. ఆపినది నేను కాదు, వేదికే తీసుకుందని ప్రభుత్వం అనవచ్చు. ప్రభుత్వం చెప్పింది కనుక తీశామని వేదిక అనవచ్చు. మధ్యలో శ్రోతకు ఎవరి మీద వ్యాజ్యం వేయాలో తెలియదు.

కనుక అడగవలసినవి ఇవి. తొలగించిన పాటల జాబితాను మంత్రిత్వ శాఖ ప్రచురించాలి. నిలుపుదలకు గడువు చెప్పాలి, గడువు తీరాక మళ్లీ కారణం చెప్పాలి. పుట్టుక అన్న మాటకు అర్థం రాసి ఇవ్వాలి. విభజనకు ముందటి రికార్డులనైనా వెంటనే మినహాయించాలి. మన దగ్గర చందా పుచ్చుకునే వేదికలు పాట తీసేసిన చోట ఖాళీ ఉంచి, ఎవరి సూచన మీద ఏ తేదీన తీశారో ఒక్క వాక్యం రాయాలి. అడ్వైజరీ వెలువడిన రోజునే చేయవలసిన పని ఇది.