గుర్రం చూసినది

క్లెవర్ హాన్స్ అనే గుర్రాన్ని గురించి ఆస్కార్ ఫుంగ్‌స్ట్ 1907లో జర్మన్‌లో రాసిన పుస్తకం 1911లో ఆంగ్లంలోకి వచ్చింది. మనస్తత్వశాస్త్ర పాఠాల్లో ఆ పుస్తకం ఒక్క పేరాకు కుదించుకుపోయింది: లెక్కలు చేస్తుందనుకున్న గుర్రానికి లెక్కలు రావని తేలింది, అంతే. పుస్తకం పూర్తిగా చదివాక, ఆ పేరా హాన్స్‌కు అన్యాయం చేసిందని నాకు అనిపించింది.

బెర్లిన్‌లో వాన్ ఓస్టెన్ అనే ఉపాధ్యాయుడు బడిపిల్లవాడికి చెప్పినంత ఓపికతో తన గుర్రానికి అంకెలు నేర్పాడు. ప్రశ్న అడిగితే అది జవాబు ఎంతో అన్నిసార్లు గిట్టతో నేలను తట్టేది. 1904లో పండితుల సంఘం పరీక్షించి, మోసమేమీ లేదంది. ఫుంగ్‌స్ట్ చేసింది చాలా సాదా పని. జవాబు తెలియనివాళ్లచేత ప్రశ్నలు అడిగించాడు. ప్రశ్నించేవాడు గుర్రానికి కనబడకుండా చేశాడు. రెండుసార్లూ హాన్స్ తడబడింది. సరైన అంకె రాగానే అడిగినవాడి తల, అతనికే తెలియకుండా, రవ్వంత పైకి కదిలేది. ఇక ఆగమనడానికి గుర్రానికి అదే సంజ్ఞ. రహస్యం తెలిసిన తరువాత కూడా ఆ కదలికను ఫుంగ్‌స్ట్ తనలో అణచుకోలేకపోయాడు. అంతమంది పండితులకు కనబడనిదాన్ని చూసిన గుర్రానికి తెలివి లేదని ఎలా అంటాం?

మన సంక్రాంతి గంగిరెద్దులవాడు ఓస్టెన్ కన్నా తెలిసినవాడు. ఎద్దు తల ఊపేది తన గొంతుకూ తాడు కదలికకూ అని అతనికి తెలుసు. దానికి భాష వచ్చునని అతడు భ్రమపడడు.

నేర్పేవాడు ఒకటి నేర్పుతాడు, నేర్చుకునేది మరొకదాన్ని పట్టుకుంటుంది. 1961లో రేనాల్డ్స్ ప్రయోగం దీన్ని ఇంకా స్పష్టంగా చూపింది. ఎర్రని రంగుపై తెల్ల త్రిభుజం కనబడితే పొడవాలి, ఆకుపచ్చపై తెల్ల వృత్తం కనబడితే పొడవకూడదు. రెండు పావురాలూ ఈ పాఠం చక్కగా నేర్చాయి. తరువాత రంగునూ ఆకారాన్నీ విడదీసి చూపితే ఒకటి ఎరుపునే పొడిచింది, రెండవది త్రిభుజాన్నే. రెండూ ఒకే బడిలో చదివినవే!

ఇక్కడ సింగపూర్‌లో బుకిట్ తిమా అడవి అంచున నడిచేవారికి ప్లాస్టిక్ సంచి చేతబట్టుకోవద్దని చెబుతారు. పొడుగు తోక కోతులు సంచిని చూసి వస్తాయి, అందులో ఉన్నది గొడుగైనా సరే. వాటిని దొంగలనడం నాకు నచ్చదు. సంచి తరువాత తిండి వస్తుందని ఏళ్ల తరబడి నేర్పింది మనుషులే. వన్యప్రాణులకు తిండి పెడితే మొదటిసారి ఐదువేల డాలర్ల దాకా జరిమానా అని 2020 నుంచి చట్టం. శిక్షను గురువుకే వేయడం న్యాయమే.

ఇదంతా నాకు వార్డులో గుచ్చుకుంది. రోగి పొట్ట పరీక్షిస్తూ శిష్యుడు వ్యాధి పేర్లు వరుసగా చెబుతాడు. సరైన పేరు దగ్గర ఆగుతాడు. వాడు చదివినది రోగి పొట్టనా, నా కనుబొమలనా? పాతికేళ్లుగా మంచి విద్యార్థులని మెచ్చుకున్నవారిలో ఎందరు నా ముఖం చదవడంలో నేర్పరులో ఇప్పుడు తేల్చుకోలేను. ఆ తప్పు వాళ్లది కాదు.

ఈ మధ్య రౌండ్లలో విద్యార్థికి వెనుకగా నిలబడి ప్రశ్నలు అడుగుతున్నాను. జవాబులు ఆలస్యమవుతున్నాయి. చేతులు మాత్రం రోగి పొట్టమీద మునుపటికన్నా ఎక్కువసేపు ఉంటున్నాయి.