క్రొత్త ట్రాక్టరునకు మొదటి 50 గంటలు

కోడెదూడను కాడికి అలవాటు చేయువిధము మన రైతునకు ఎవరును నేర్పనక్కరలేదు. కపిలలు తోలిన దినములలో, సంతనుండి తెచ్చిన కోడెను ఆనాడే కపిలకు గట్టినవాడు ఉదయగిరి సీమలో ఉండియుండడు. నెమ్మదిగల పాతయెద్దు సరసను దానిని గట్టి, తేలికమడకతో మెత్తనినేలలో నాలుగు సాళ్లు తిప్పి, మధ్యమధ్య విడిచి, కొన్ని వారములకు గాని బరువుపనికి పూన్చెడివాడు కాడు. అట్లని కొట్టములోనే కట్టివేసి మేపినను కోడె కాడికి రాదనియు అతడెరుగును. ఇంతటి వివేకముగల రైతే, భూమి తాకట్టు పెట్టి తెచ్చిన ట్రాక్టరు విషయమున ఈ రెండు తప్పులలో ఏదో యొకటి చేయుచున్నాడు.

ఆత్మకూరు వైపు, సోమశిల నీరు పారు గ్రామములలో, మొదటి తప్పు హెచ్చు. దమ్ముల కాలము వచ్చిన వారముననే బండి వచ్చును. పూజచేసిన పసుపు ఆరకముందే దమ్ముచక్రములు తొడిగి, ఇరువురు డ్రైవర్లను మార్చిమార్చి, రాత్రింబవళ్లు బాడుగకు తోలుదురు. కిస్తీ భయము అట్టిది. వారిని నిందించుటకు నాకు నోరాడదు. ఉదయగిరి మెట్టలలో రెండవ తప్పు కానవచ్చును. క్రొత్తబండి అలసిపోవునని ఖాళీ ట్రాలీతో మెల్లగా తిప్పుదురు. చుట్టములు వచ్చినప్పుడు ఇంటిముందర అరగంటసేపు ఇంజను ఊరక ఆడింతురు. ఈ రెండవది మంచిదని లోకులనుకొందురు. అది మొదటిదానికంటె మేలు కాదని చెప్పుటకే ఈ వ్యాసము.

క్రొత్త సిలిండరు గోడ కంటికి నునుపుగా కనబడినను నునుపు కాదు. కర్మాగారములో దానిపై అడ్డదిడ్డముగా సన్ననిగీతలు బుద్ధిపూర్వకముగ గీయుదురు. ఆ గీతలలో ఆయిలు నిలుచును. పిస్టను రింగులు ఆ గోడపై రాచుకొని, గీతల మొనలను అరగదీసి, గోడకు సరిగా అతుకుకొనవలెను. రింగులను గోడకు అదిమిపట్టునది ముఖ్యముగా డీజిలు మండుటచే పుట్టిన వాయువుయొక్క ఒత్తిడియే. బరువు లేక ఇంజను ఆడినచో ఆ ఒత్తిడి చాలదు, రింగులు అతుకవు, గోడమీది ఆయిలు కాలి గీతలను పూడ్చి అద్దమువలె మెరుగెక్కును. ఒకమారు మెరుగెక్కిన పిమ్మట ఎంత తోలినను రింగులు అతుకుట అరుదు. మితిమీరిన బరువు మోపినచో దీనికి విరుద్ధమైన కీడు కలుగును: అతుకని మొనలు ఒకదానినొకటి ఒరసికొని మిక్కిలి వేడెక్కి, గోడ గీరుకొనిపోవును, ఒక్కొక్కప్పుడు పిస్టనే పట్టివేయును.

రెండేండ్ల క్రిందట, ఆత్మకూరునుండి ఉదయగిరికి పోవు త్రోవలో, ఒక మెకానిక్కు షెడ్డున విప్పియున్న ఇంజను చూచితిని. గంటలమీటరు 900 కూడ దాటలేదు. నీలిపొగ, నాలుగు దినములకొకమారు ఆయిలు పోయుట — ఇవి దాని రోగలక్షణములు. మెకానిక్కు లైనరును వెలుతురునకు పట్టి చూపగా ముఖము చూచుకొనవచ్చునంత మెరుపు. “పసిబిడ్డను చూచినట్లు చూచితి నయ్యా! మూడునెలలు గడ్డిమోపు తప్ప ఏమియు మోయనీయలేదు” అని యజమాని యనెను. అతని మాటలో అబద్ధము లేదు. గ్యారంటీ అడుగబోగా, అమ్మినవారు 50 గంటల సర్వీసు చీటీ చూపుమనిరి, అది లేదు. ఆ యేడు చెల్లింపవలసిన కిస్తీ సొమ్ము లైనర్లకును రింగులకును పోయినది.

కావున నా అభిప్రాయమిది. మొదటి 50 గంటలు బండికి పని యుండవలెను. ఆ పని మధ్యరకముగా ఉండవలెను. ఎర్రచెల్కలో లోతు తక్కువగా గొర్రు తోలుట, సగము నింపిన ట్రాలీ లాగుట వంటివి తగినవి. ఒకే వేగముతో గంటలకొలది పోనీయక, వేగమును బరువును మార్చుచుండవలెను. ముట్టించిన పిదప రెండుమూడు నిమిషములు ఆడనిచ్చి, వెంటనే పనిలో పెట్టవలెను. పెద్దగేరులో వేసి, ఇంజను మూల్గుచుండగా మిట్టనెక్కించుట అన్నిటికంటె చెడ్డది. గేరు తగ్గించుటకు సిగ్గుపడరాదు. ఈ కాలమున దమ్మునకును, లోతు రోటావేటరు పనికిని పంపవలదు. ఇంజను త్వరగా నునుపెక్కునని సీసాలలో అమ్ము మందులు పోయవలదు.

50 గంటలు కాగానే ఆయిలును ఆయిలు ఫిల్టరును మార్చవలెను. అరిగిన లోహపు పొడి ఆ ఆయిలులోనే యుండును. చక్రముల బోల్టులు, ఫ్యాను బెల్టు బిగింపు నాడే చూపింపవలెను. కంపెనీవారి పుస్తకములో వేరు లెక్క యున్నచో అదియే ప్రమాణము. గంటల విషయమున ఒక చిన్నమాట: కొన్ని మీటర్లు ఇంజను తిరుగుడునుబట్టి లెక్కించును గాని గడియారమునుబట్టి కాదు, మెల్లగా ఆడించిన గంట వానిలో గంటగా పడదు. మెట్టప్రాంతమువారు గాలి ఫిల్టరును దినదినము చూచుకొనవలెను. మన ఎర్రదుమ్ము లోపలికి చొచ్చినచో పైన చెప్పిన జాగ్రత్తలన్నియు వ్యర్థములే.

ఇవి పాతకాలపు మాటలని కొందరనిరి. ఇంగ్లండులో ఒకప్పుడు క్రొత్తకార్ల వెనుక “ఇంజను సాధనలో నున్నది, దాటిపొండు” అను అర్థముగల చీటీ అంటించుచుండిరి. నేడది లేదు, నిజమే. తయారీ పనితనము బాగుపడినది. అయినను ట్రాక్టరు కంపెనీల పుస్తకములలో మొదటి గంటల నియమములు పోలేదు. ట్రాక్టరుల బలము కొలుచువారు సయితము ముందుగా సాధన చేయించి పిదపనే కొలుతురు. అమెరికాలోని నెబ్రాస్కా రాష్ట్రమున, నాసిరకపు ట్రాక్టరులు కొని మోసపోయిన ఒక రైతు శాసనసభ్యుడై 1919లో పరీక్షాశాసనము తెచ్చెను, 1920లో పరీక్షలారంభమైనవి. అచ్చటను తూకమునకు పెట్టకముందు యంత్రమును కొన్నిగంటలు ఆడించి సడలించెడివారు. మనదేశమున ఇట్టి పరీక్షలకు మధ్యప్రదేశమందలి బుద్నీలో 1955 నుండియు, యంత్రశిక్షణకును పరీక్షలకును మన అనంతపురము జిల్లా గార్లదిన్నెలో 1983 నుండియు కేంద్రప్రభుత్వ సంస్థలున్నవి. గార్లదిన్నెకు మన సంఘమునుండి ఇద్దరు యువకులను శిక్షణకు పంపిన ఖర్చు వృథా కాబోదు.

రోజునకు 8 గంటల చొప్పున 50 గంటలనగా వారము దినములైన నిండవు. ఆ వారము రైతునకు దొరకనిదెందువలన? బండి దమ్ముల వారమున వచ్చుటవలన. అప్పు మంజూరు ఆలస్యమగుటవలన బండి ఆలస్యమగును. ఇందు మన సంఘమునకును పాలు గలదు. దరఖాస్తులను వేసవిలోనే తీసికొని, దమ్ములకు నెలముందుగా బండి రైతు ఇంటికి చేరునట్లు చేయవలెను. మొదటి కిస్తీ గడువును మొదటి పంట ఇంటికి వచ్చిన పిదపనే నిర్ణయింపవలెను. 50 గంటల సర్వీసు చీటీ నకలును కార్యదర్శిగారు అప్పుకాగితములతో చేర్చి యుంచవలెను. చీటీ రానిచో ఒక జాబు వ్రాసి అడుగవలెను. ఇట్టి తీర్మానమును రానున్న సర్వసభ్య సమావేశమున ప్రతిపాదింపదలచినాను. నాట్లకు బండి చాలదని ఆత్మకూరు సభ్యులు అడ్డుచెప్పుదురని ఎరుగుదును. వారు తమ బండ్ల గంటలమీటర్లలోని అంకెలును, గడచిన యేడు ఇంజను మరమ్మతులకైన ఖర్చులును వ్రాసికొని వచ్చినచో, రెండును ఎదురెదురుగా పెట్టి మాటలాడుకొందము.