బ్యారను కాపలా - బిడ్డల కాపుదల



ఈ పత్రికలో నేను సాధారణముగా నారుమళ్లను గూర్చియు, ఎరువులను గూర్చియు వ్రాయుచుందును. ఈ మాసము మాత్రము పన్నెండు మొదలు పదునారేండ్ల వరకు వయసుగల మన బిడ్డలను గూర్చి నాలుగు మాటలు వ్రాయ సాహసించుచున్నాను. ఇది నీకేల యని కొందరు అడుగవచ్చును. పొగాకు చక్కగా పండించుట యెట్లో చెప్పుటయే నా యుద్యోగములో పెద్ద భాగము. కావుననే ఈ విషయమున నోరు విప్పవలసిన బాధ్యత ఇతరులకంటె నాకే యెక్కువ యని తలంచుచున్నాను.

ఒక యేట ఆకు కాల్చు కాలమున, రాత్రి పదకొండు గంటల వేళ ఒక బ్యారను చెంతకు పోయితిని. లోపల ఆకు ఉండగా ఐదారు దినములు రాత్రింబవళ్లు మంట కనిపెట్టి యుండవలెను గదా! పెద్దవారు ఒరిగి నిద్రించుచుండిరి. పొయ్యి యొద్ద పదునాలుగేండ్ల బాలుడొకడు సిగరెట్టు కాల్చుచుండెను. నన్ను చూచి చేతిని వెనుకకు దాచెను. "ఎవరిచ్చిరి నాయనా?" యని యడిగితిని. "నిద్ర పట్టకుండునని బాబాయి ఇచ్చినాడండీ. వద్దంటే ఆడపిల్లవా అని అందరును నవ్వుతారు" అనెను.

ఆ రాత్రి నాకును నిద్ర పట్టలేదు. ఏలయన, నా కుమారుడు పదేండ్లవాడై యుండగా వానిని అంగడికి పంపి సిగరెట్లు తెప్పించుకొనినవాడను నేనే. వానికి కాల్చుట నేర్పలేదు. కాని అంగడి దారి నేర్పితిని.

బాలుడు చెప్పిన సమాధానమును మరల చదువుడు. వానికి పొగ రుచియై కాదు, నవ్వుదురను భయముచేత త్రాగెను. ఈ వయసున బిడ్డకు తలిదండ్రుల మాటకంటె జతగాండ్ర నవ్వు పెద్దది. ఇది దుర్మార్గము కాదు. ఆ వయసు స్వభావమే యట్టిది. ముందు వెనుకలు తలచి మనసును పట్టి నిలుపు మెదడు భాగము ఇరువదియైదేండ్ల వరకును ముదురుచునే యుండునని వైద్యులు చెప్పుచున్నారు. లేత మెదడునకు నికోటిను గాని, మద్యము గాని, గంజాయి గాని అలవాటైనచో విడిపించుట మిక్కిలి కష్టము. పొగాకు బలము మీకు నేను చెప్పనక్కరలేదు. తడియాకు కోసిన దినమున చర్మము గుండ నెక్కిన నికోటిను చేతనే కూలివారికి తల తిరిగి వాంతులగుట మీరు చూచియే యున్నారు.

"మా తాతలు చుట్ట కాల్చలేదా, కల్లు త్రాగలేదా, వారికేమైనది?" అని కొందరందురు. కాల్చినవారిలో బ్రతికి ముసలివారైన వారినే మనము చూచితిమి. నోటిపుండుతోను, రొమ్ము జబ్బుతోను నడివయసున పోయినవారు మనకు లెక్కకు రారు. మరియు తాతల కాలమున గుట్కా పొట్లము బడి దారిలో వ్రేలాడుచుండలేదు.

ఇక మనమేమి చేయవలెను? మొదటిది: బిడ్డచేత మత్తు వస్తువు తెప్పించరాదు, సరదాకైనను రుచి చూపరాదు. రెండవది: వద్దనుటకు వానికొక మాట ముందే ఇయ్యవలెను. "మా నాయన వాసన పట్టును, ఇంట రానీయడు" అని తండ్రిపై నెపము వేయుటకు అనుమతి ఇచ్చినచో బిడ్డ నవ్వులపాలు కాకుండ తప్పించుకొనును. ఆ యపకీర్తి మనము మోయుదము. మూడవది: వాని జతగాండ్ర పేర్లు తెలిసియుండవలెను; వారిని ఇంటికి పిలిచి అన్నము పెట్టవలెను. నాలుగవది: చదువులో ఆకస్మికముగా వెనుకబడుట, పాత స్నేహితులను విడుచుట, ఇంట డబ్బు తగ్గుట, నిద్రయు ఆకలియు మారుట కనబడినచో వెంటనే నిందింపక, పొలము గట్టున ఒంటరిగా నడచుచు అడుగవలెను. కొట్టినందువలన బిడ్డ త్రాగుట మానడు. మనతో చెప్పుట మానును. ఆడుబిడ్డల విషయమునను ఇదే మార్గము.

అలవాటు ముదిరినచో సిగ్గుపడక వైద్యుని యొద్దకు పోవలెను. 14446 అను టెలిఫోను సంఖ్యకు మాటలాడినచో రుసుము లేకుండ సలహా దొరకును.

చట్టమును మన పక్షముననే యున్నది. 2003 సంవత్సరపు పొగాకు చట్టము ప్రకారము పదునెనిమిదేండ్లు నిండనివారికి పొగాకు వస్తువులమ్మరాదు; విద్యాలయమునకు నూరు గజములలోపల ఎవరికిని అమ్మరాదు. 2015 సంవత్సరపు బాలల న్యాయ చట్టము ప్రకారము బిడ్డకు మద్యము గాని, పొగాకు గాని, మాదకద్రవ్యము గాని ఇచ్చినవానికి ఏడేండ్ల వరకు కఠిన శిక్షయు, లక్ష రూపాయల వరకు జుల్మానాయు విధింపవచ్చును. బ్యారను కడ సిగరెట్టు అందించిన బాబాయికిని ఇది వర్తించును.

అయినను చట్టమొక్కటియే చాలదు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో అక్షరములు నేర్చుకొనుచుండిన స్త్రీలు సారాపై తిరుగబడిరి. 1993లో రాష్ట్రమున సారా నిషేధింపబడెను. 1995లో సంపూర్ణ మద్యనిషేధము వచ్చెను, 1997లో సడలిపోయెను. శాసనము వచ్చును, పోవును. గ్రామము కూడి చేసికొనిన కట్టుబాటు మన చేతిలో నుండును.

కావున మన సంఘ సభ్యులకు నా మనవి ఇది. రాబోవు సర్వసభ్య సమావేశమున ఒక తీర్మానము చేయుదము: బడి యీడు బిడ్డను బ్యారను రాత్రి కాపలాకు పెట్టరాదు, కూలి క్రింద సిగరెట్టు గాని మద్యము గాని ఎవరికిని ఇయ్యరాదు, బడి చెంత పొగాకు అమ్ము అంగడివానితో సంఘ పెద్దలు స్వయముగా మాటలాడవలెను. దీనికి ఒక్క రూపాయి వ్యయము లేదు.

నా కుమారునికిప్పుడు పదునైదేండ్లు. నేను సిగరెట్టు మాని రెండేండ్లైనది. ఎందుకు మానితినో వానికి దాపరికము లేకుండ చెప్పితిని. వాడేమియు అనలేదు, కాని నాటినుండి రాత్రి భోజనమైన పిమ్మట నా ప్రక్కన కూర్చుండి బడి సంగతులు చెప్పుచున్నాడు.