నాన్నగారి బండికి పంటు టికెట్టు

"ర్యాంపు ఉందాండీ?" అని ఫోన్లో అడిగాను.

"ఆయ్, ఉందండి" అన్నారు అవతలి నుంచి. నమ్మేశాను. సాఫ్ట్‌వేర్లో ఆరేళ్ళు పనిచేసి కూడా ఒక్క 'ఉందండి'తో టెస్టింగ్ అయిపోయిందనుకున్నానంటే తప్పు నాదే.

ఇది 2024 సంక్రాంతి నాటి సంగతి. మాది రాజోలు దగ్గర పల్లెటూరు. మా నాన్నగారు కొబ్బరికాయల వ్యాపారం చేసేవారు. చేతక్ స్కూటరేసుకుని అంబాజీపేట మార్కెట్‌కి వారానికి నాలుగుసార్లు వెళ్ళొచ్చిన మనిషి. 2021లో షుగరు ముదిరి కుడికాలు మోకాలి కిందకి తీసేశారు. జైపూర్ కాలు ఉంది గానీ రెండో మోకాలు కూడా అరిగిపోయింది. దాంతో ఇంట్లో కర్ర పట్టుకుని పది అడుగులు వేస్తారంతే. వీల్‌ఛైర్ అంటే ఆయనకి పడదు, ఎవరో ఒకరు వెనకనుంచి తొయ్యాలి కదా. అందుకని నేను హైదరాబాద్‌లో ఓ మొబిలిటీ స్కూటరు కొన్నాను. నాలుగు చిన్న చక్రాలు, ముందు బుట్ట, హ్యాండిల్ దగ్గర బొటనవేలితో నొక్కే మీట. సీటు, బ్యాటరీ విడదీస్తే కారు డిక్కీలో పడుతుంది. మనిషి గబగబా నడిచినంత వేగం వెళ్తుంది. దానికి హారన్ ఉందని తెలియగానే ఆయన మొహం చూడాలి!

ఈ బండ్లు నేను మొదట చూసింది ఓర్లాండోలో. టాంపాలో ఆన్‌సైట్ ఉన్నప్పుడు థాంక్స్‌గివింగ్ సెలవులకి మిత్రులతో డిస్నీ వరల్డ్ వెళ్ళాను. అక్కడ నాకు కోట కన్నా, బాణాసంచా కన్నా బాగా గుర్తుండిపోయింది బస్‌స్టాప్. స్కూటరు మీద ఓ ముసలావిడ ఉంది. బస్సు ఆగింది, డ్రైవరు దిగి ర్యాంపు వేశాడు. ఆవిడ ఎక్కి బండిని మూలకి సర్దుకుంది, డ్రైవరు బెల్టులు బిగించాడు. అప్పటిదాకా మేమంతా కింద నిలబడ్డాం. ఎవరూ 'అయ్యో పాపం' అనలేదు, ఎవరూ ఆవిడ చెయ్యి పట్టుకోలేదు. తర్వాత మేజిక్ కింగ్‌డమ్‌కి వెళ్ళే ఫెర్రీలో కూడా అంతే, ఒడ్డు మీద నుంచి నేరుగా డెక్కు మీదకి దొర్లించుకుంటూ వెళ్ళిపోయింది. రైడ్లన్నిట్లోకీ ఆ స్కూటరుతో వెళ్ళలేరు, కొన్నిచోట్ల క్యూలోనే వీల్‌ఛైర్‌లోకి మారాలి. అయినా గదిలోంచి బయల్దేరిన మనిషి పార్కు దాకా మధ్యలో ఎక్కడా ఆగిపోరు. అమెరికా వాళ్ళకి మనకన్నా జాలెక్కువనా? కాదు, 1990లో ఓ చట్టం వచ్చింది. ర్యాంపు లేకపోతే కోర్టుకి లాగుతారు.

అది చూసే 'మన గోదారి ఒడ్డున కూడా రిసార్టులు ఉన్నాయి కదా, నాన్నగారిని రెండ్రోజులు తిప్పుదాం' అనుకున్నాను. రిసార్టు పేరొద్దులెండి, దిండి చుట్టుపక్కల, చించినాడ వంతెన చుట్టుపక్కల చాలానే ఉన్నాయి.

ర్యాంపు నిజంగానే ఉంది. రిసెప్షన్ ముందు మూడు మెట్లు, పక్కన సిమెంటు వాలు. సూట్‌కేసులు లాగడానికి కట్టిందట. పొడవు నాలుగడుగులు. లెక్క చూడండి. మెట్టు అరడుగు చొప్పున మూడు మెట్లకి అడుగున్నర ఎత్తు. ఒక అడుగు ఎత్తుకి పన్నెండు అడుగుల పొడవు ఉండాలన్నది ర్యాంపుకి మామూలు కొలత. అంటే పద్దెనిమిది అడుగులు కావాలి. ఉన్నది నాలుగు. దాని మీద స్కూటరెక్కిస్తే ముందు చక్రాలు గాల్లోకి లేచాయి, నేను వెనకనుంచి పట్టుకోబట్టి సరిపోయింది.

నలుగురు కుర్రాళ్ళు పరిగెత్తుకొచ్చారు. "పర్లేదండీ, ఎత్తేస్తాం." మంచి కుర్రాళ్ళు, వాళ్ళనేమీ అననుగానీ, నాన్నగారిని బండితో సహా ఎత్తారు. రెస్టారెంట్ దగ్గర ఎత్తారు. గది గుమ్మం దగ్గర ఎత్తారు. బాత్రూం తలుపు సన్నం, బండి పట్టదు, అక్కడా ఎత్తారు. పడవ ఎక్కే చోట మెట్లు గోదాట్లోకి దిగుతున్నాయి, మళ్ళీ వచ్చారు. ఈసారి నాన్నగారు "వద్దు బాబూ, నేనిక్కడే కూర్చుంటాను, మీరెళ్ళి రండి" అన్నారు. అమ్మ ఎంత బతిమాలినా కదల్లేదు.

రాత్రి నాతో అన్నారు, "నా చిన్నప్పటినుంచీ కొబ్బరి బస్తాలు ఎత్తించానురా. ఎత్తేవాడి మొహం ఎలా ఉంటుందో నాకు తెలుసు."

"మొన్న జగ్గన్నతోటలో ప్రభల్ని భుజాల మీద మోసుకుని కౌశిక దాటించారు కదా నాన్నా, మొయ్యడం తప్పేముంది?" అన్నాను, ఏదో తేలిక చేద్దామని.

"అది దేవుడు కాబట్టి గౌరవం. నన్ను మోస్తే లగేజీ" అన్నారు.

నాకు మాట రాలేదు. అసలు మన ఊళ్ళలో చిక్కంతా ఈ మంచితనంలోనే ఉంది. పిలిస్తే నలుగురొస్తారు, కాబట్టి ర్యాంపు అక్కర్లేదు. ఆ నలుగురూ రాకపోతే ఎవరో ఒకరు గొడవ చేసేవారు, ఈపాటికి కట్టేవాళ్ళు. సర్వర్ పడిపోయిన ప్రతిసారీ ఎవడో ఒకడు అర్ధరాత్రి లేచి చేత్తో రీస్టార్ట్ చేస్తూ ఉంటే ఆ బగ్ ఎప్పటికీ ఫిక్స్ అవదు కదా, అలాగన్నమాట.

మర్నాడు మేనత్తగారింటికి నరసాపురం వెళ్ళాలి. కారు చించినాడ వంతెన మీదుగా వెళ్ళొచ్చు. నాన్నగారు మాత్రం సఖినేటిపల్లి రేవులో పంటెక్కుదామని పట్టుబట్టారు. నేను భయపడుతూనే ఒప్పుకున్నాను. రేవు దగ్గర బండి దింపి బిగించాను. ఆయన ఎక్కి కూర్చుని, మోటరు సైకిళ్ళ వరసలో పెట్టారు. నీళ్ళు పోటు మీదున్నాయి, పంటు దాదాపు రేవుకి సమంగా ఆగింది. ముందు ఓ పల్సర్ వెళ్ళింది, వెనక ఆయన వెళ్ళారు. అంతే! ఒక్కరు చెయ్యి వెయ్యలేదు. టికెట్టు కుర్రాడు వచ్చి బండి చుట్టూ ఓసారి తిరిగి, "ఇదేం బండండీ బాబూ, పెట్రోలా కరెంటా?" అన్నాడు. కరెంటే అన్నారు నాన్నగారు. "అయితే మోటరు సైకిలు టికెట్టే కొడతానండి, మరోలా అనుకోకండి." నేను ఏదో అనబోతుంటే నాన్నగారు నా చెయ్యి పట్టుకుని ఆపి, జేబులోంచి డబ్బులు తీసిచ్చారు. వశిష్ఠ దాటేంతసేపూ పక్కన బైకువాడితో మైలేజీ గురించి మాట్లాడుతూనే ఉన్నారు.

పంటుని పొగుడుతున్నాననుకోకండి. బండి కట్టడానికి తాడు లేదు, చక్రం కింద నేనే ఓ ఇటుక ముక్క పెట్టాను. పాటు మీద వెళ్ళుంటే వాలు ఎక్కువై కథ ఇంకోలా ఉండేదేమో. పంటుని వికలాంగుల కోసం ఎవరూ కట్టలేదు, బళ్ళ కోసం కట్టారు. నా దృష్టిలో కిటుకంతా అదే. చక్రం దొర్లడానికి దారుంటే చాలు, దాని మీద ఉన్నవాడికి కాళ్ళున్నాయా లేవా అన్న ప్రశ్నే రాదు.

'డిస్నీకీ కోనసీమకీ పోలికేంటి' అని అడుగుతారేమో. డబ్బులో పోలిక లేదు, ఒప్పుకుంటాను. కానీ నేల చూడండి. డెల్టా కదా, ఒక్క కొండ లేదు. అమలాపురం నుంచి కొత్తపేట, రాజోలు, ఎటు వెళ్ళినా చదునే. ఎత్తుపల్లాలన్నీ మనం కట్టుకున్నవే. ఊరికే కట్టుకున్నామని కాదు, 1986 గోదారి వరద చూసినవాళ్ళెవరూ అరుగు ఎత్తు తగ్గించమంటే ఒప్పుకోరు. ఎత్తు ఉంచుకోండి. పక్కన పద్దెనిమిది అడుగుల సిమెంటు పొయ్యండి అంటున్నానంతే. ఒక ఏసీ ఖరీదు కూడా అవదనుకుంటా.

చట్టం మనకీ ఉంది. 2016లో చేశారు. దాని ప్రకారం జనం వచ్చే భవనాలన్నీ, ప్రైవేటువి కూడా, 2017లో రూల్స్ వచ్చాక అయిదేళ్ళలో మార్చాలి. ఆ గడువు 2022లో అయిపోయింది. 2024 నవంబరులో రాజీవ్ రతూరి కేసులో సుప్రీంకోర్టు 'ఈ ప్రమాణాల్ని సలహాలుగా రాసుకుంటే కుదరదు, తప్పనిసరి చెయ్యండి' అని మూడు నెలలు టైమిచ్చింది. కోర్టు పని కోర్టు చేస్తుంది గానీ, మన కుర్రాళ్ళు పెట్టే హోటల్ బుకింగ్ యాప్‌లలో 'వీల్‌ఛైర్ ఫ్రెండ్లీ' అని ఓ టిక్కు ఉంటుంది చూశారా, ముందు అది పీకెయ్యండి. దాని బదులు మూడు అంకెలు అడగండి: మెట్లెన్ని, ర్యాంపు పొడవెంత, బాత్రూం తలుపు వెడల్పెంత. ఓ ఫోటో. అవును-కాదు ఫీల్డు పెడితే అందరూ అవుననే నొక్కుతారు, ఈ సంగతి మనకన్నా బాగా ఎవరికి తెలుసు?

ఆ రిసార్టుకి నేను తిట్టు ఉత్తరం రాయలేదు. కొలతలేసి, వాలు ఎటు తిప్పితే పార్కింగుకి అడ్డం రాదో బొమ్మ గీసి మెయిల్ చేశాను. "మేనేజ్‌మెంట్‌కి చెప్తామండి" అని జవాబొచ్చింది. రెండుసార్లు గుర్తు చేశాను. ఈసారి సంక్రాంతికి వెళ్ళినప్పుడు టేపు పట్టుకుని మళ్ళీ వెళ్తాను. నాన్నగారు మాత్రం రిసార్టు ఊసెత్తడం లేదు. మళ్ళీ నరసాపురం ఎప్పుడెళ్దాం, పోటు ఏ టైముకి అని అడుగుతున్నారు.